యంత్రం ఏమీ చెప్పని రోజులు

నాకు కోపం ఎక్కువని మా ఆఫీసులో అందరికీ తెలుసు. అందరూ అంటే నలుగురమే. రాజమండ్రిలో పురుగుమందుల కొట్టు పైన మూడు గదులు అద్దెకు తీసుకుని సాఫ్ట్‌వేర్ రాస్తుంటాం. కింద నుంచి మందుల ఘాటు, పైన నా కేకలు, ఈ రెండూ లేని రోజు ఆఫీసుకు సెలవు అనుకోవాలని మా భాగస్వామి అంటుంటాడు. అతనూ నేనూ కాకినాడలో కలిసి ఇంజనీరింగ్ చదివాం. ఇరవై ఏళ్లుగా ఒకరి మీద ఒకరం విసుక్కుంటూనే ఉన్నాం, ఒకరిని వదిలి ఒకరం పోవడమూ లేదు.

అలాంటి మేమిద్దరం ఒక్క విషయం మీద దాదాపు సంవత్సరం దెబ్బలాడుకున్నాం. ఆ విషయం ఎంత చిన్నదంటే, బయట ఎవరికైనా చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది. మేం రాసినవాటిలో ఒక చిన్న లైబ్రరీ ఉంది. లైబ్రరీ అంటే పుస్తకాలుండే చోటు కాదు, వేరేవాళ్లు తమ ప్రోగ్రాముల్లో కలుపుకోవడానికి వీలుగా రాసిపెట్టిన కోడు. ఇంట్లో రుబ్బుకోలేక బయట కొనుక్కొచ్చే దోసెల పిండిలాంటిది. మా లైబ్రరీ చేసే పని ఒక్కటే. నీళ్లలో పెట్టిన సెన్సర్ చెప్పే మట్టాన్ని చదివి, ఆ అంకె నమ్మదగిందో కాదో చూసి, అడిగిన ప్రోగ్రాముకి ఇస్తుంది.

అలా చదివేటప్పుడు దానికి రకరకాల అనుమానాలొస్తాయి. సెన్సర్ పలకలేదు, అంకె ఉన్నట్టుండి ఎగిరింది, గంటల తరబడి ఒకే అంకె వస్తోంది, ఇలాంటివి. వాటిని ఎక్కడో ఒకచోట రాసిపెట్టాలి. ఆ రాతని లాగ్ అంటాం. లాగ్ రాయడానికి బయట తయారుగా దొరికే టూల్సు బోలెడున్నాయి. వాటిలో ఒకదాన్ని మా లైబ్రరీకి కట్టేయాలా, అక్కర్లేదా? ఇదీ గొడవ. ఒకరోజు దీని గురించి మా అమ్మకి పూసగుచ్చినట్టు చెబితే అంతా విని, “దీనికా మధ్యాహ్నం అన్నం మానేశావు,” అంది.

ఆ లైబ్రరీ పుట్టింది మొగల్తూరు వైపు వెళ్లే ఒక కాలువ గట్టు మీద. అక్కడి నీటి సంఘం వాళ్లు కాలువ మట్టం ఫోన్లో కనబడేలా చేయమని మమ్మల్ని పిలిచారు. కాలువ నీళ్లు ఆపి వదిలే గేట్లున్న లాకు పక్కన, రేకుల షెడ్డులో ఒక పెట్టె బిగించాం. కాలువలోకి ప్లాస్టిక్ గొట్టం దించి దాని లోపల సెన్సర్ పెట్టాం. పెట్టె మీద అరచేతంత స్క్రీను. అందులో పైన పెద్ద అంకెల్లో నీటి మట్టం వస్తుంది. లైబ్రరీకి అనుమానం వచ్చినప్పుడు దాని కింద ఒక వరస ఇంగ్లీషు కూడా వస్తుంది. ఆ వరస నేను పరీక్షల కోసం పెట్టుకున్నది. తీసేయడం మర్చిపోయాను.

ఆ లాకు దగ్గర ఒక లస్కరు గారున్నారు. గేట్లు ఎత్తి దించి నీళ్లు పంచే పని ఆయనది. అరవైకి దగ్గర పడిన మనిషి. మేం వెళ్లిన రోజు, ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని మాకోసం గట్టు మీద నిలబడ్డారు. ముప్పై ఏళ్లుగా పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి కాలువలో పాతిన గేజి రాయి మీద గీతలు చూసి, నీటి మట్టం పొడుగు పుస్తకంలో రాయడం ఆయనకి అలవాటు. ఒక్క పూట కూడా తప్పలేదని సంఘం వాళ్లే చెప్పారు.

“ఇంక ఆ రాత పని మీకు లేదండి. అన్నీ ఇదే రాసుకుంటుంది,” అన్నాను నేను, ఆయన నెత్తిమీద బరువు దించుతున్నదానిలా.

“అలాగేనండి,” అన్నారు.

మా వైపు అలాగేనండి అంటే ఒప్పుకున్నట్టు కాదు. ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, నాకు ఆపాటి తెలిసుండాలి. ఆయన స్క్రీను వైపు చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

“మేడమ్ గారూ, కింద ఈ ఇంగ్లీషు ముక్క వస్తే ఏం చేయమంటారండి?”

“అది మాకోసంలెండి. మీరు పట్టించుకోవక్కర్లేదు,” అన్నాను పెట్టె మూత బిగిస్తూ.

“అలాగేనండి.”

ఆ కాలువ పని చూసి మరో ఇద్దరు ముగ్గురు మా లైబ్రరీని అడిగారు. మా భాగస్వామికి ఉత్సాహం వచ్చింది. ఇంక మనది నలుగురు వాడే సరుకు, లాగ్ కూడా పద్ధతిగా ఉండాలి అని, అందరూ వాడే ఒక పేరున్న టూల్‌ని తెచ్చి లైబ్రరీకి తగిలించాడు. నిజం చెప్పాలంటే అది బాగానే పనిచేసింది. ఫైళ్లు చక్కగా తేదీలవారీగా వచ్చాయి. నేనూ మెచ్చుకున్నాను. అదే నీటి సంఘం వాళ్ల దగ్గరికెళ్లి, “ఇకనుంచి ఏం జరిగినా లాగ్‌లో ఉంటుందండి, ఎవరూ కాదనడానికి లేదు,” అని గొప్పలు కూడా చెప్పుకొచ్చాం.

తర్వాత జంగారెడ్డిగూడెం నుంచి ఫోను వచ్చింది. అక్కడ పామాయిల్ తోటలకి డ్రిప్ పెట్టే వాళ్లు తమ నీళ్ల ట్యాంకుల కోసం మా లైబ్రరీ తీసుకున్నారు. వాళ్ల ప్రోగ్రామరు చాలా మర్యాదస్తుడు. “మీ లైబ్రరీ చాలా బాగుందండి. ఒక్క చిన్న ఇబ్బందండి. వీలున్నప్పుడు ఒకసారి చూద్దురుగానీ,” అన్నాడు. చిన్నదే కదా అని పొద్దున్నే బస్సెక్కి గోదావరి దాటి, కొవ్వూరు, దేవరపల్లి మీదుగా ఊగుతూ వెళ్లాను. తీరా చూస్తే వాళ్ల ప్రోగ్రాము అసలు మొదలవ్వడమే లేదు. వాళ్లు వాడేదీ అదే లాగింగ్ టూలు, కాకపోతే పాత వెర్షను. మా లైబ్రరీ కొత్త వెర్షనే కావాలని మొండికేస్తోంది. రెండూ ఒకచోట ఇమడవు. మట్టం చదవడంతో ఏ సంబంధమూ లేని ఒక రాత పరికరం కోసం వాళ్ల పని మొత్తం ఆగిపోయింది.

“ఎన్నాళ్లయిందండి ఇలా?” అని అడిగాను.

“మూడు వారాలవుతోందండి. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని మేమే ఏదో ఒకటి చేద్దామని చూశామండి,” అన్నాడు, టీ కప్పు నా ముందుకు జరుపుతూ.

నాకు ఒళ్లు మండింది. అతని మీద కాదు, అతని మర్యాద మీద. మొదటిరోజే ఫోను చేసి నాలుగు తిట్టుంటే నాకెంత హాయిగా ఉండేదో. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని, మర్నాడు ఆఫీసులో ఏమేం అనాలో అన్నీ వరసగా పేర్చుకున్నాను. మర్నాడు వాటిలో ఒక్కటీ వరసలో రాలేదు.

“ఆ టూలు తీసేద్దాం,” అన్నాను చెప్పులు విప్పుతూనే.

“ఏంటి, తీసేసేది? ప్రపంచమంతా అదే వాడుతోంది,” అన్నాడు మా భాగస్వామి.

“వాడుకోనీ. మనం రాసింది ప్రోగ్రాము కాదు, లైబ్రరీ. ఒకళ్లింటికి చుట్టంగా వెళ్తోంది. ఆ ఇంట్లో లెక్కలు ఏ పుస్తకంలో రాసుకుంటారో వాళ్లిష్టం. మన పుస్తకం చంకన పెట్టుకెళ్లి వాళ్ల బల్ల మీద పరచడం ఏంటి?”

“మరి ఏదైనా తేడా వస్తే ఎవరికి చెబుతుంది?”

“వింటానన్నవాళ్లకి. ఒక కిటికీ పెడతాను. కావలసిన ప్రోగ్రాము వచ్చి ఆ కిటికీ దగ్గర నిలబడుతుంది. లైబ్రరీ దానికి చెబుతుంది. అది ఏ టూల్‌తో రాసుకుంటుందో మనకనవసరం.”

“ఎవరూ నిలబడకపోతే?”

“నోరు మూసుకుని తన పని తాను చేసుకుంటుంది.”

“తేడా వచ్చినా?”

“అది నిలబడనివాళ్ల తప్పు.”

ఈ ఆఖరి మాట నేనన్నానని ఆ తర్వాత చాలాసార్లు మా భాగస్వామి గుర్తుచేశాడు. అనలేదని ఒక్కసారైనా బుకాయించాలనిపించింది కానీ, అన్నాను.

గొడవ అక్కడితో ఆగితే బాగుండేది. నెలలు సాగింది. మధ్యలో అతను బయటి టూలేమీ వద్దు, మనమే ఒకటి రాసుకుందామని బయల్దేరాడు. రెండు వారాలు ఇంకే పని ముట్టుకోకుండా రాశాడు. అది తేదీలు తప్పుగా వేసింది. తర్వాత, నాలుగు టూల్సుకి నాలుగు అతుకులు చేసి ఎవరికి కావలసింది వాళ్లకిద్దాం అన్నాడు. నాలుగింటినీ ఎవరు చూసుకుంటారయ్యా అని నేను తగులుకున్నాను. ఆఫీసులో మిగతా ఇద్దరూ మా గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి వెళ్లేవారు. కాలువలో నీళ్ల సంగతి ఆ నెలల్లో మాలో ఒక్కరమూ ఎత్తలేదు. నీటి మట్టం చదివే లైబ్రరీ గురించి ఇన్ని మాటలాడుకుని, నీళ్ల గురించి ఒక్క ముక్క అనుకోలేదు. ఇప్పుడు తల్చుకుంటే నామీద నాకే చిరాకేస్తుంది.

చివరికి నేనే గెలిచాను. వాదించి కాదు, అతను అలిసిపోయి. “అలాగే కానీ,” అన్నాడు ఒక మధ్యాహ్నం, కుర్చీలో వెనక్కి వాలి. అదే అదనుగా కూర్చుని ఆ టూల్‌ని లైబ్రరీ నుంచి ఊడబెరికేశాను. చెయ్యి ఎలాగూ పెట్టాను కదా అని, ఎప్పుడో స్క్రీను మీద మర్చిపోయిన ఆ ఇంగ్లీషు వరస కూడా తీసేశాను. లైబ్రరీ తనంతట తాను ఎక్కడా ఒక్క ముక్క రాయదు. చెప్పాల్సింది కిటికీలో చెబుతుంది, అంతే. ఎంత శుభ్రంగా ఉందో అని ఆ కోడుని రెండుసార్లు పైనుంచి కిందదాకా చదువుకుని మురిసిపోయాను. కొత్త వెర్షను అందరికీ పంపాం. జంగారెడ్డిగూడెంలో ప్రోగ్రాము మొదలైంది.

కిటికీ దగ్గర నిలబడాలంటే ఏ ప్రోగ్రాముకైనా ఒక్క లైను కలపాలి. మా సొంత కాలువ ప్రోగ్రాముకీ కలపాలి. ఆ ప్రోగ్రాము రాసేది మా భాగస్వామి కాబట్టి అతను కలుపుతాడని నేననుకున్నాను. కిటికీ పెట్టింది నేను కాబట్టి నేను కలుపుతానని అతననుకున్నాడు. నెలల తరబడి ఒకరి గొంతు ఒకరం పట్టుకున్నవాళ్లం, ఈ ఒక్క లైను గురించి మాత్రం నోరు విప్పి ఒకరినొకరం అడగలేదు.

కొత్త వెర్షను వెళ్లాక చాలా ఫోన్లు వచ్చాయి. హెచ్చరికలు ఎక్కడికి పోయాయి, ఏదీ కనబడట్లేదేం అని. ఆ రోజుల్లో నేను ఈ కిటికీ పద్ధతి ఎంత గొప్పదో వివరిస్తూ పొడుగాటి వ్యాసం రాసుకుంటున్నాను. మధ్యలో ఫోను మోగినప్పుడల్లా ఎవరు, ఏమిటి అని పూర్తిగా వినకుండా అందరికీ ఒకే జవాబు చెప్పి పెట్టేశాను. హెచ్చరిక ఏదీ లేకపోతే అంతా బాగున్నట్టే.

రెండో పంట, దాళ్వా వరి పొట్ట మీదుండగా నీటి సంఘం కార్యదర్శి ఫోను చేశారు.

“మీ యంత్రం ఐదడుగులు చూపిస్తోందండి. శివారు చేలు చూస్తే నెర్రెలిచ్చాయి. ఒక వంతు నీళ్లు మొత్తం వాళ్లకి అందలేదు. లస్కరు గేటు దగ్గర ఉండట్లేదని అందరూ అంటున్నారు. సోమవారం మధ్యాహ్నం మీటింగు పెట్టాం. మీ లాగ్ పట్టుకురండి. అది చూసి మనిషిని మార్చేస్తాం.”

మా దగ్గర దాళ్వాకి నీళ్లు వంతులవారీగా ఇస్తారు. కొన్ని రోజులు పైవాళ్లకి, కొన్ని రోజులు కాలువ చివరనున్న శివారు వాళ్లకి. వంతు తప్పిందంటే మళ్లీ వంతు వచ్చేదాకా చేను ఎదురుచూడాలి. పొట్ట మీదున్న వరి అన్నాళ్లు ఆగదు. లాగ్ ఫైలు తెరిచాను. ఆఖరి వరస, కొత్త వెర్షను వెళ్లిన రోజుకి ముందుది. ఆ తర్వాత ఏమీ లేదు. తెల్లకాగితం.

అంకెలు మాత్రం వేరేచోట దాచిపెట్టి ఉన్నాయి. వాటిని తెచ్చి మళ్లీ లైబ్రరీ గుండా పంపించి చూశాను. ఒకే అంకె, రోజులపాటు. గొట్టంలో మట్టి పూడిపోయి లోపలి నీళ్లు అక్కడే నిలిచిపోయాయి. బయట కాలువ దిగిపోయింది. లైబ్రరీ దాన్ని మొదటి పూటే కనిపెట్టింది. కనిపెట్టి కిటికీలో చెప్పింది. వందలసార్లు చెప్పింది. అక్కడ నిలబడి వినేవాళ్లు ఎవరూ లేరు.

“నువ్వు కలిపావనుకున్నాను,” అన్నాడు మా భాగస్వామి, నా భుజం మీదుగా చూస్తూ.

“నువ్వు కలిపావని నేననుకున్నాను,” అన్నాను.

ఆరోజు ఇద్దరం అరుచుకోలేదు. అరుచుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు.

సోమవారం ఇద్దరం వెళ్లాం. సంఘం గదిలో కార్యదర్శి, శివారు నుంచి వచ్చిన ఐదారుగురు రైతులు ఉన్నారు. లస్కరు గారు గోడ పక్కన నిలబడ్డారు. ఖాళీ కుర్చీ ఉంది, కూర్చోలేదు. చంకలో గుడ్డసంచీ. మమ్మల్ని చూసి, “బాగున్నారాండి, ఎండన పడి వచ్చారు,” అన్నారు. నేను తల వంచుకుని కూర్చున్నాను.

మా లాగ్ ఖాళీగా ఉందని, సెన్సర్ గొట్టం పూడుకుపోయిందని మా భాగస్వామి చెప్పాడు. కార్యదర్శి అది సగమే విన్నారు.

“యంత్రం అన్నాక పూడుకుపోతుంది. మనిషికి కళ్లుండాలి కదా. ఏమయ్యా, గేజి రాయి అక్కడే ఉంది కదా, చూడలేదా?”

“చూశానండి,” అన్నారు లస్కరు గారు. సంచీలోంచి పొడుగు పుస్తకం తీశారు.

ఆ పుస్తకం ఆగిపోయిందనే నేను ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. పొద్దున ఆరు, సాయంత్రం ఆరు, ఒక్క పూట కూడా వదల్లేదు. రాయి ఇంత, యంత్రం ఇంత, రెండూ పక్కపక్కన ఉన్నాయి. వాటి పక్కన మూడో గడి ఒకటి ఆయనే గీసుకున్నారు. అందులో స్క్రీను మీద వచ్చిన ఇంగ్లీషుని తెలుగు అక్షరాల్లో, గుండ్రటి చేతిరాతలో దించారు. ‘వార్నింగ్. వాల్యూ అన్‌చేంజ్డ్. గొట్టంలో గెడ పెట్టి కదిపాను. మట్టి వచ్చింది. ఇంగ్లీషు పోయింది.’ నెల తర్వాత మళ్లీ అదే మాట, మళ్లీ గెడ, మళ్లీ మట్టి. పట్టించుకోవక్కర్లేదని నేనన్న ఆ వరస అర్థం ఆయన తనంతట తానే తేల్చుకున్నారు. అది వచ్చినప్పుడల్లా వెళ్లి గొట్టం శుభ్రం చేశారు. మా సెన్సరు అన్ని నెలలు సరిగ్గా పనిచేసింది మా గొప్ప కాదు, ఆయన వెదురు గెడ గొప్ప.

కొత్త వెర్షను వెళ్లిన రోజు నుంచి మూడో గడి మారిపోయింది. ‘యంత్రం ఏమీ చెప్పలేదు.’ పొద్దున అదే, సాయంత్రం అదే. పేజీలకి పేజీలు అదే మాట. శివారుకి నీళ్లు అందని రోజుల్లో రాయి నాలుగడుగులు, యంత్రం ఐదడుగులు. మూడో గడిలో యంత్రం ఏమీ చెప్పలేదు.

“తేడా నీకు తెలుసన్నమాట,” అన్నారు కార్యదర్శి. “తెలిసి గేటు ఎందుకు పెంచలేదు?”

“స్క్రీను అంకె చూసే తిప్పమని కాగితం ఇచ్చారు కదండి.”

“గొట్టం ఎందుకు కదపలేదు?”

“యంత్రం చెప్పలేదండి.”

“అది చెప్పకపోతే నువ్వు ఎవరికైనా చెప్పావా? ఎవరికైనా ఫోను చేశావా?”

లస్కరు గారి బొటనవేలు పుస్తకంలో ఒక చోట ఆనించి ఉంది. నావైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పుకున్నారు.

“లేదండి,” అన్నారు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. వ్యాసం రాసుకుంటున్న రోజుల్లో వచ్చిన ఫోన్లలో ఒకటి ఈయనదే. నిమిషం కూడా సాగలేదు. పక్కన ఏదో ఇంజను చప్పుడు, ఆయన ఆగి ఆగి మాట్లాడటం, నేను స్క్రీను మీద నుంచి కళ్లు తిప్పకుండా జవాబివ్వడం, అన్నీ గుర్తొచ్చాయి. ఆయన ఫోను చేశారని ఆ గదిలో ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆయన లేదనేశారు. కార్యదర్శి కాగితం దగ్గరికి లాక్కుని రాయడం మొదలుపెట్టారు.

ఆ కాసేపూ నేను నోరు మెదపలేదు. ఇది రాయకుండా దాటేయొచ్చు, ఎవరికీ తెలియదు. కానీ మెదపలేదు. లైబ్రరీ నోరు మూసుకోవడం గురించి ఏడాదిపాటు ఉపన్యాసాలిచ్చినదాన్ని, అచ్చం అలాగే మూసుకుని కూర్చున్నాను. కార్యదర్శి కలం రెండు వరసలు నడిచింది. ఇంటికెళ్లాక ఈయన భార్యకి ఏం చెబుతారు అన్న ఆలోచన వచ్చింది. దాంతో లేచాను.

“ఆ పుస్తకం ఇలా ఇవ్వండి.”

“ఎందుకులెండి మేడమ్ గారూ,” అన్నారు ఆయన. వేలు తీయలేదు.

“ఇవ్వండి.”

తీసుకుని పైకి చదివాను.

‘మేడమ్ గారికి ఫోను చేశాను. రాయికీ యంత్రానికీ అడుగు తేడా ఉన్నట్టుంది, నా కళ్ల దోషమేమో తెలియదు, యంత్రం కింద ఏమీ చెప్పలేదు, గొట్టం కదపమంటారా అని అడిగాను. కింద ఏమీ రాకపోతే అంతా బాగున్నట్టే, ముట్టుకోవద్దు అన్నారు. అలాగేనండి అన్నాను.’

“ఆయన ఫోను చేశారండి. నేనే వద్దన్నాను. ఆయన తప్పు లేదు,” అన్నాను.

తర్వాత జరిగింది నాకు జరగాల్సిందే. రైతులు నన్ను గట్టిగానే అన్నారు. వాళ్లలో ఒక పెద్దాయన మాత్రం కోపం లేకుండా, “ఇప్పుడు మీరు ఒప్పుకుంటే మా చేను లేస్తుందాండి?” అని అడిగారు. కార్యదర్శి రాస్తున్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. లస్కరు పనిలోనే ఉంటాడని, ఇకమీదట రాయి చూసే గేటు తిప్పాలని అన్నారు. యంత్రం సంగతి తర్వాత ఆలోచిద్దామన్నారు. ఆ తర్వాత అంటే ఎప్పుడో నేను అడగలేదు.

బయటికొచ్చాక ఆయన మోపెడ్ దగ్గర పట్టుకున్నాను. “ఎందుకండి లేదన్నారు? మీ పని పోయేది.”

“పదిమందిలో మీరు చిన్నబోతారు కదండి,” అన్నారు, అదేమంత పెద్ద విషయం కాదన్నట్టు.

“నేను చిన్నబోతే మీకేంటండి? ఫోన్లో కూడా కళ్ల దోషం అనకుండా, మీ యంత్రం తప్పు చెబుతోంది అని గట్టిగా అనొచ్చు కదా.”

“చదువుకున్నవారితో అలా అంటామా అండి?”

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మూడు వారాలు ఓపికపట్టిన జంగారెడ్డిగూడెం అబ్బాయీ ఇంతే, ఈయనా ఇంతే. ఇంత మర్యాదగా మాట్లాడే ఊళ్లలో పుట్టి, ఎదుటివాళ్లు సగం మింగేసిన మాట వినడం నేర్చుకోలేదు నేను. అటువంటిదాన్ని, ఏమీ చెప్పకపోతే అంతా బాగున్నట్టే అని రూలు పెట్టాను. ఏ ఊరివాళ్లకి పెట్టినా పెట్టొచ్చేమో, మా ఊళ్ల వాళ్లకి పెట్టకూడని రూలు అది.

ఇదంతా అయ్యాక ఆ టూల్‌ని తిరిగి పెట్టానని ఎవరైనా అనుకుంటారేమో. పెట్టలేదు. ఇప్పటికీ లైబ్రరీకి బయటి లాగింగ్ టూలు కట్టకూడదనే అంటాను, ఆ వాదన తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. అదే ఎక్కువ బాధ. తప్పు వాదన చేసి ఓడిపోయుంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని. ఒక్కటి మాత్రం మార్చాను. తన మాటలు ఎవరికి చెప్పాలో వాడుకునేవాళ్లు చెప్పకపోతే లైబ్రరీ ఇప్పుడు మొదలవ్వదు. అక్కర్లేదనుకునేవాళ్లు కూడా, అక్కర్లేదు అని తమ చేత్తో రాయాలి. ఈ మార్పుతో ఇంకో వెర్షను పంపిన వారానికి జంగారెడ్డిగూడెం నుంచి ఫోను వచ్చింది. “చాలా బాగుందండి. ఒక్క చిన్న ఇబ్బందండి.” ఈసారి పళ్లు కొరుక్కోకుండా, ఆ ఇబ్బంది ఏంటో పూర్తిగా చెప్పేదాకా ఫోను పెట్టనివ్వలేదు.

కాలువ ప్రోగ్రాములో ఆ ఒక్క లైనూ నేనూ మా భాగస్వామీ పక్కపక్కన కూర్చుని కలిపాం. స్క్రీను మీద కింది వరస కూడా తిరిగి పెట్టాం. ఇప్పుడది తెలుగులో వస్తుంది. గొట్టం చూడండి అంటుంది. పెట్టనిస్తారో లేదో అని భయపడుతూనే సంఘం వాళ్లని అడిగాం. మీ ఖర్చుతో మీరు పెట్టుకోండి, గేటు మాత్రం రాయిని బట్టే అన్నారు.

బిగించడానికి వెళ్లిన రోజు లస్కరు గారు టీ తేవడానికి గట్టు దిగారు. షెడ్డులో బల్ల మీద పుస్తకం ఉంది. రాయొద్దని ఈసారి నేననలేదు. అడగకుండా ముట్టుకోవడం తప్పే, అయినా మీటింగు జరిగిన సోమవారం పేజీ తీశాను. మాతో మాట్లాడి, మోపెడ్ మీద నేరుగా లాకు దగ్గరికే వెళ్లినట్టున్నారు. సాయంత్రం ఆరు గంటల వరస ఉంది. రాయి నాలుగడుగులు, యంత్రం ఐదడుగులు. మూడో గడిలో ఇలా ఉంది:

‘యంత్రం ఏమీ చెప్పలేదు. మేడమ్ గారు చెప్పారు.’